ఆరని ఎర్ర లైటు: మా పెదనాన్న అంబాసిడర్‌తో నా తిప్పలు

కడియపులంక నర్సరీలు వస్తున్నాయనగా హెడ్‌లైట్ల వెలుతురు పసుపుపచ్చగా మారింది. ముందు నా కళ్లే అనుకున్నాను. అమలాపురంలో పెళ్లి భోజనం, రాత్రి పదకొండు దాటింది, నిద్ర ముంచుకొస్తోంది. అనుమానం వచ్చి వైపర్ వేసి చూశాను. అద్దం మీద సగం దూరం వెళ్లి, కాసేపు ఆలోచించుకుని, మిగతా సగం వెళ్లింది. పక్క సీట్లో పెదనాన్న కళ్లు మూసుకునే "ఒకసారి హారన్ కొట్టు" అన్నారు. కొట్టాను. జలుబు చేసిన మేకలా అరిచింది.

"డైనమో ఛార్జింగ్ ఇవ్వట్లేదురా" అన్నారాయన, కళ్లు తెరవకుండానే. ఇంజన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసి బాటరీకి ఎక్కించేది డైనమో.

హెడ్‌లైట్లు ఆపేసి, పార్కింగ్ లైట్లతో ఒక లారీ వెనకే బిక్కుబిక్కుమంటూ రాజమండ్రి మోరంపూడి జంక్షన్ దాకా వచ్చాం. అలా నడపడం తప్పే. కానీ ఆ రాత్రి హైవే పక్కన బండి ఆపితే మళ్లీ స్టార్టవుతుందన్న నమ్మకం లేదు. ఇంటి గుమ్మం ముందు ఇంజన్ ఆపాక సెల్ఫ్ కొట్టి చూస్తే టక్ అని ఒక్క చప్పుడు, అంతే.

బండి 1972 మోడల్, మార్క్ 2 అంబాసిడర్. అంబాసిడర్లు కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో 2014 దాకా తయారయ్యాయి కాబట్టి చాలామందికి గుర్తున్నది డైనమోకి బదులు ఆల్టర్నేటర్ ఉన్న తర్వాతి కాలం బండి. మాది ఆ లెక్కలోది కాదు. దీని తాత ఇంగ్లండ్ మారిస్ ఆక్స్‌ఫర్డ్. ఛార్జింగ్‌కి డైనమో, దాని పక్కన మెకానిక్‌లు 'కటౌట్' అని పిలిచే నల్లటి పెట్టె, అంతే సరంజామా. ట్రాన్సిస్టర్ లేదు, డయోడ్ లేదు. చిన్న పెట్టెలో రెండు తీగచుట్టలు, రెండు జతల పాయింట్లు (ఒకదాన్నొకటి తాకి విడిపోయే లోహపు ముక్కలు) టకటకలాడుతూ మొత్తం వ్యవహారం నడిపిస్తాయి.

పెళ్లికి నెల ముందే బండికి టింకరింగ్ చేయించి, కొత్తగా తెల్ల రంగు వేయించాం. పెళ్లికొడుకు అందులోనే ఊరేగాలని పెదనాన్న పట్టు. బానెట్ కింద కూడా వదలకుండా కొట్టించారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది. నాకైతే మూడు వారాల తర్వాత తెలిసింది.

మర్నాడు నేను చేసిన పని, బాటరీ దుకాణానికి వెళ్లడం. పాతదానికి నాలుగేళ్లు. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది బిగించాను. సెల్ఫ్ కొట్టగానే బండి గుర్రంలా లేచింది. సమస్య తీరిందని ఇంట్లో అందరికీ చెప్పేశాను. నాలుగో రోజు కూరగాయల మార్కెట్ దగ్గర ఆగిపోయింది. హ్యాండిల్ డిక్కీలోనే ఉంది కాబట్టి సరిపోయింది. ముందు బంపర్‌లోంచి హ్యాండిల్ దూర్చి తిప్పి స్టార్ట్ చేస్తుంటే చుట్టూ గుమిగూడినవాళ్లు ఫోన్లలో వీడియో తీసుకున్నారు.

అప్పుడు కాస్త లెక్క వేశాను. రెండు హెడ్‌లైట్లు కలిసి ఏడెనిమిది ఆంపియర్లు లాగుతాయి. ఇగ్నిషన్ కాయిల్‌కి మూడు నాలుగు, టెయిల్ లైట్లు, వైపర్ కలిపితే మొత్తం పన్నెండు పదమూడు. యాభై అరవై ఆంపియర్ అవర్ల కొత్త బాటరీ డైనమో సాయం లేకుండానే ఇదంతా కొన్ని గంటలపాటు మోసేస్తుంది. పగలు ఊళ్లో తిరిగితే మూడు నాలుగు రోజులు కూడా లాగిస్తుంది. అంటే కొత్త బాటరీతో బండి స్టార్టయినంత మాత్రాన ఏమీ బాగుపడినట్టు కాదు. నేను నాలుగు రోజులు డైనమో పని కూడా బాటరీతోనే చేయించాను.

తర్వాత ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి. ఊళ్లో డైనమో ముట్టుకునేవాళ్లే తగ్గిపోయారు. దొరికిన ఒకాయన డైనమో దించి, కార్బన్లు మార్చి, లోపల తిరిగే ఆర్మేచర్ కొస రుద్ది, మళ్లీ బిగించాడు. కటౌట్ మూత తీసి పాయింట్ల మధ్య ఎమెరీ కాగితం లాగాడు. లోపల ఒక స్క్రూ కూడా ఏదో తిప్పాడు. చివరికి బానెట్ మీద చెయ్యి వేసి, "సార్, ఇదంతా పాత తలనొప్పండి. మారుతి ఆల్టర్నేటర్ ఒకటి వేసేస్తాను, మళ్లీ చూసుకోనక్కర్లేదు" అన్నాడు. సలహా చెడ్డది కాదు. ఆల్టర్నేటర్ తక్కువ స్పీడులో కూడా కరెంటు ఇస్తుంది, లోపల డయోడ్లు ఉంటాయి కాబట్టి కటౌట్‌తో పనే లేదు. చాలామంది అలాగే మార్చుకున్నారు. కానీ యాభై ఏళ్లు పనిచేసిన ఏర్పాటు నెల కిందటి దాకా బాగానే ఉంది కదా, ఇప్పుడెందుకు చేయట్లేదో తెలియకుండా పీకి పారేయడం నాకు నచ్చలేదు. ఇంటికొచ్చాక పెదనాన్నకు ఆల్టర్నేటర్ మాట చెప్పి చూశాను. ఆయన పేపర్ కూడా దించలేదు.

ఆ వారం పగటిపూట కాకినాడ వెళ్లొచ్చాను. రోడ్డు ఖాళీగా ఉంటే కాస్త తొక్కాను. తిరిగొచ్చి బానెట్ ఎత్తితే ఘాటైన ఆసిడ్ వాసన. బాటరీ పైభాగమంతా తడి. మూతలు తీసి చూస్తే నీళ్లు ప్లేట్ల అంచు దాకా దిగిపోయాయి. ఇక్కడ నా బుర్ర పూర్తిగా ఆగిపోయింది. ఛార్జింగ్ ఎక్కని బాటరీ ఆగిపోవాలి. ఛార్జింగ్ ఎక్కువైన బాటరీ ఉడికిపోవాలి. ఒకే వారంలో ఒకే బాటరీకి రెండూ ఎలా జరుగుతాయి?

"రంగు వేయించక ముందు బాగానే ఉండేది కదరా" అన్నారు పెదనాన్న. రంగుకీ ఛార్జింగ్‌కీ సంబంధమేంటని నేను పట్టించుకోలేదు.

ఆదివారం పొద్దున్నే ఇక నేనే చూద్దామని కూర్చున్నాను. మల్టీమీటర్, రెండు స్పానర్లు, స్క్రూడ్రైవర్, జానెడు రాగి తీగ. ఉంగరం తీసి జేబులో వేసుకున్నాను. బాటరీ దగ్గర ఉంగరం పొరపాటున రెండు చివర్లకూ తగిలితే వేలు కాలుతుంది. ఇలాంటి పాత బండ్లలో ముందు చూడాల్సిన ఇంకో సంగతి, బాటరీలో ఏ కొస బాడీకి బిగించి ఉందన్నది. 1960ల మధ్య దాకా వచ్చిన ఇంగ్లండ్ కార్లు చాలావరకు పాజిటివ్ ఎర్త్, అంటే పాజిటివ్ కొస బాడీకి. అలవాటు చొప్పున నెగటివే అనుకుని మీటర్ పెడితే అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. మా బండికి నెగటివే బాడీకి ఉంది.

డ్రైవర్ సీట్లో మా అమ్మాయిని కూర్చోబెట్టాను. డిగ్రీ రెండో ఏడు. న్యూట్రల్‌లో ఉంచి నేను చెప్పినప్పుడు మాత్రమే ఆక్సిలరేటర్ తొక్కాలి, డ్యాష్‌బోర్డు మీది ఛార్జింగ్ ఎర్ర లైటు మీద కన్నేసి ఉంచాలి. అంతకంటే పనేమీ లేదన్నాను. అసలు సంగతి బయటపెట్టింది ఆ పనే.

"నాన్నా, ఇది ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది" అంది.

వెళ్లి చూశాను. ఇంజన్ ఐడిలింగ్‌లో ఎర్ర లైటు వెలుగుతోంది. అది మామూలే. కాస్త తొక్కితే మెల్లగా మసకబారి ఆరిపోయింది. ఇంకాస్త తొక్కితే మళ్లీ అంటుకుంది. తొక్కేకొద్దీ ఇంకా ఎర్రగా. నేను ఇన్నాళ్లూ 'లైటు వెలుగుతోంది' అని మాత్రమే చూశాను. ఎప్పుడు, ఎంత వెలుగుతోందన్నది చూడలేదు.

ఆ బల్బు ఒక కొస ఇగ్నిషన్ స్విచ్ ద్వారా బాటరీకి, రెండో కొస డైనమోకి కలిపి ఉంటుంది. రెండు వైపులా వోల్టేజి సమానమైతే వెలగదు. తేడా ఉంటే వెలుగుతుంది. ఎటువైపు ఎక్కువ, ఎటువైపు తక్కువ అన్నది దానికి అనవసరం. ఐడిలింగ్‌లో డైనమో రెండు మూడు వోల్టులే ఇస్తుంది, బాటరీ దగ్గర పన్నెండు. తేడా ఉంది, వెలిగింది. డైనమో పన్నెండుకి వచ్చేసరికి సమానం, ఆరింది. మళ్లీ వెలిగిందంటే ఒకటే అర్థం. డైనమో పన్నెండు దాటి పైకి పోతోంది, కానీ ఆ కరెంటు బాటరీ దాకా రావట్లేదు. డైనమో చచ్చిపోయి ఉంటే లైటు అసలు ఆరనే ఆరదు.

అయినా అనుమానం తీరాలి కదా. ఇంజన్ ఆపి, ఫ్యాన్ బెల్ట్ బొటనవేలితో నొక్కి చూశాను. అర అంగుళం దిగింది, బాగానే ఉంది. డైనమో వెనకాల రెండు తీగలుంటాయి, పెద్దది 'డి', చిన్నది 'ఎఫ్'. రెండు తీగలూ పీకి, డైనమో మీది ఆ రెండు కొసలనూ రాగి తీగతో కలిపి, మీటర్ ఒక కొస దానికి, రెండోది డైనమో ఒంటికి పెట్టాను. ఇలా కలిపితే డైనమో మీద ఏ అదుపూ ఉండదు, తిప్పినంత వోల్టేజి ఇస్తుంది. అందుకే ఎక్కువ తొక్కకూడదు, ఇరవై దాటనివ్వకూడదు. స్టార్ట్ చేశాం. 6, 11, 16, 19. "చాలు చాలు, ఆపెయ్!" ఒకవేళ మీటర్ అర వోల్టు, ఒక వోల్టు దగ్గరే ఆగిపోతే డైనమోలో అయస్కాంతంలా పనిచేసే ఫీల్డ్ కాయిల్ పోయినట్టు. నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచర్. అసలేమీ రాకపోతే ముందు కార్బన్లు చూడాలి. నాది ఆగకుండా ఎక్కింది. డైనమో నిర్దోషి. ఎలక్ట్రీషియన్ దగ్గర మార్పించిన కార్బన్లు కూడా ఊరికే మార్పించినట్టే.

పని ఉన్నది కటౌట్ పెట్టెలో. తీగలు మళ్లీ బిగించి, పెట్టె మూత తీశాను. ఇందులో రెండు బాబిన్లు, అంటే తీగచుట్టలు. ఒకటి కటౌట్. డైనమో వోల్టేజి సుమారు 13కి వచ్చాక పాయింట్లు మూసుకుని డైనమోని బాటరీకి కలుపుతుంది, డైనమో నెమ్మదించగానే విడిపోతుంది. విడిపోకపోతే బాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోయి తీగలు కాలిపోతాయి. రెండోది రెగ్యులేటర్. వోల్టేజి మరీ ఎక్కితే ఫీల్డ్ కరెంటు తగ్గించేది అది.

ఇంజన్ కాస్త వేగంగా తిరుగుతుంటే కటౌట్ పాయింట్లు తెరుచుకునే ఉన్నాయి. మీటర్‌తో చూస్తే పెట్టెలో 'డి' దగ్గర 17 వోల్టులు, బాటరీకి వెళ్లే 'ఎ' దగ్గర 12.1. ప్లాస్టిక్ పెన్ను కొసతో కటౌట్ పాయింట్లు నొక్కాను. ఠక్కున ఎర్ర లైటు ఆరింది, బాటరీ దగ్గర వోల్టేజి పైకి లేచింది. పెన్ను తీయగానే మళ్లీ మామూలే. (ఇలా నొక్కి పట్టుకుని ఇంజన్ మాత్రం ఆపకండి, వెనక్కి పోయే కరెంటు సంగతి పైన చెప్పాను కదా.)

అంటే కటౌట్ చెడిపోయింది, కొత్త పెట్టె వెతకాలి అనుకుని లేవబోయాను. మళ్లీ ఆ 17 గుర్తొచ్చి కూర్చున్నాను. కటౌట్ పనిచేయట్లేదు సరే, రెగ్యులేటర్ ఏం చేస్తున్నట్టు? బాటరీ నీళ్లు ఎందుకు ఉడికాయి? ఒకే వారంలో రెండు బాబిన్లూ పోవడమనేది నమ్మశక్యంగా లేదు. రెండూ పోకుండా రెండింటికీ ఉమ్మడిగా ఏదో పోయి ఉండాలి. మూత లోపలి అమరిక చూస్తే రెండు తీగచుట్టలకీ ఒక కొస 'డి' దగ్గర, రెండో కొస 'ఈ' అనే కొసకి. 'ఈ' నుంచి ఒక నల్ల తీగ బాడీకి.

మీటర్ ఒక కొస బాటరీ నెగటివ్ మీద, రెండోది 'ఈ' మీద పెట్టాను. రెండూ ఎర్తే కాబట్టి సున్నా రావాలి.

6.9 వచ్చింది.

ఇంజన్ చప్పుడులో కూడా నా నవ్వు పెదనాన్నకు వినిపించినట్టుంది, వరండాలోంచి లేచి వచ్చారు. డైనమో 17 ఇస్తోంది. అందులో ఏడు వోల్టులు ఎర్త్ దగ్గరే పోతున్నాయి. తీగచుట్టలకు మిగిలింది పది. పాయింట్లు మూసుకోవడానికి పదమూడు కావాల్సిన కటౌట్‌కి పది అందితే అదేం చేస్తుంది? రెగ్యులేటర్ కూడా వోల్టేజి పదే ఉందనుకుని ఇంకా పెంచమని వదిలేస్తోంది. ఊళ్లో నెమ్మదిగా నడిపితే కటౌట్ మూసుకోదు, బాటరీ ఆగిపోతుంది. హైవే మీద గట్టిగా తొక్కితే డైనమో ఇరవై దాటి పోయి, కటౌట్‌కి చాలినంత అంది అది మూసుకుంటుంది. అప్పుడు అదుపులేని ఛార్జింగ్ బాటరీని ఉడికించేస్తుంది. మార్కెట్ దగ్గర ఆగడం, కాకినాడ నుంచి వచ్చాక ఆసిడ్ వాసన, రెండూ ఒకే నల్ల తీగ పని.

బాటరీ కనెక్షన్ తీసి, నల్ల తీగ బిగించిన స్క్రూ విప్పాను. తీగ బాగుంది, దాని కొసనున్న లగ్గు బాగుంది. దాని కింద బాడీ రేకు మాత్రం కొత్త పెళ్లికూతురిలా తెల్లగా మెరిసిపోతోంది. గోటితో గీరితే రాలేదు. బ్లేడు పెట్టి గీరాను. పైన తెల్ల రంగు, దాని కింద బూడిద రంగు ప్రైమర్, రంధ్రం అంచున లప్పం కూడా కాస్త. ఆ కొద్దిపాటి ఎర్త్ స్క్రూ మరల ద్వారా అందుతున్నదే, అవి కూడా తుప్పు పట్టినవి. రంగు వేసినవాళ్లు పెట్టె విప్పి, నున్నగా రంగు కొట్టి, ఆరాక మళ్లీ పొందిగ్గా బిగించారు. వాళ్ల పనిలో వాళ్లు లోటు చేయలేదు.

రేకు వెండిలా మెరిసేదాకా రూపాయి బిళ్లంత మేర గీకాను. కొత్త స్క్రూ, పళ్లున్న వాషర్, తుప్పు పట్టకుండా పైన కాస్త వాజలీన్. మళ్లీ స్టార్ట్ చేసి 'ఈ' దగ్గర మీటర్ పెడితే 0.02. మా అమ్మాయి కాస్త తొక్కగానే పెట్టెలోంచి టిక్ మని చిన్న చప్పుడు, ఎర్ర లైటు ఆరిపోయింది. ఎంత తొక్కినా మళ్లీ వెలగలేదు.

పని అంతటితో అయిపోలేదు. బాటరీ దగ్గర వోల్టేజి చూస్తుంటే 14 దాటి, 15 దాటి, 15.6 దగ్గర నిలబడింది. ఎక్కువే. అప్పుడు గుర్తొచ్చింది, ఎలక్ట్రీషియన్ లోపల తిప్పిన స్క్రూ. ఛార్జింగ్ చాలట్లేదని రెగ్యులేటర్ బిగించి ఉంటాడు. లేని ఎర్త్‌కి అదొక మందు. ఇప్పుడు ఎర్త్ వచ్చింది, మందు ఎక్కువైంది.

దీన్ని సరిచేయాలంటే బాటరీతో సంబంధం లేకుండా డైనమో వోల్టేజి చూడాలి. కటౌట్ పాయింట్ల మధ్య గట్టి కాగితం ముక్క పెట్టాలి. చేతికి దొరికింది అమలాపురం పెళ్లి శుభలేఖ. దాని మూల కత్తిరించి పాయింట్ల మధ్య దూర్చాను. ఇంజన్ కాస్త వేగంగా తిప్పితే 'డి' దగ్గర 17.8 వచ్చి ఆగింది. మన ఎండలకి 16 పైన కొద్దిగా ఉండాలి. స్క్రూ పావు చుట్టు కూడా కాదు, అంతకంటే తక్కువ వెనక్కి తిప్పి, మళ్లీ చూసి, మళ్లీ తిప్పి 16.1కి తెచ్చాను. ఈ పని అర నిమిషంలో ముగించాలి. ఆలస్యమైతే తీగచుట్ట వేడెక్కి అంకెలు మారిపోతాయి. నేను మూడుసార్లు ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి చేశాను. శుభలేఖ ముక్క తీసేశాక బాటరీ దగ్గర 14.2.

పాయింట్లను కూడా ఎమెరీతో రుద్ది ఉన్నాడు కాబట్టి సన్నటి గాజు కాగితంతో కటౌట్ పాయింట్లు మెల్లగా తుడిచాను. ఎమెరీ ధూళి ఆ మెత్తటి లోహంలో దిగబడి ఉండిపోతుంది, వాడకూడదు. డైనమో వెనక బేరింగ్ మూత మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు, అందులో నాలుగు చుక్కలు నూనె వేశాను.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక అందరం కలిసి గోదావరి గట్టు దాకా వెళ్లొచ్చాం. ఐడిలింగ్‌లో హెడ్‌లైట్లు కాస్త మందగిస్తాయి. డైనమో బండికి అది తప్పదు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కరెంటు ఇచ్చేది బాటరీయే. కదలగానే లైటు తెల్లబడుతుంది. పెదనాన్న హారన్ తనే కొట్టి చూశారు, రెండుసార్లు, అవసరం లేకపోయినా.

ఇప్పటికి ఎనిమిది నెలలైంది. బాటరీ నీళ్లు ఒక్కసారే పోశాను. అదే వారం, రంగు పడ్డ మిగతా చోట్ల కూడా ఎర్త్‌లు విప్పి చూస్తే ఎడమ హెడ్‌లైట్‌ది కూడా ఇలాగే తెల్లగా ఉంది. ఒక్క అనుమానం మాత్రం మిగిలిపోయింది. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసిన పాత బాటరీ అసలు పాడైందా లేదా అన్నది ఇక ఎవరూ తేల్చలేరు. పెదనాన్న మాత్రం అది ఇంకో రెండేళ్లు వచ్చేదని వారానికోసారైనా అంటారు.